చెరువు నత్తను ఇంట్లో పెంచడం ఎలా?

వానలకు చెరువులు నిండగానే గట్ల వెంట, వరిమళ్ల కాలువల్లో గుండ్రటి గోధుమరంగు నత్తలు తిరుగుతుంటాయి. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి పైలా గ్లోబోసా అనే పేరు గుర్తుండే ఉంటుంది. అది ఈ నత్తదే. పిల్లలు ముచ్చటపడి దీన్ని సీసాలో వేసుకుని ఇంటికి తెస్తారు. కొద్ది రోజులకే నీళ్లు కంపు కొడతాయి, నత్త చచ్చిపోతుంది. దాని ఒళ్లు ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటే దాన్ని హాయిగా బతికించుకోవచ్చు.

ముందుగా సరైన నత్తను ఎంచుకోండి

పురుగుమందు కొట్టిన పొలాల నుంచి తేవద్దు. చేతిలోకి తీసుకోగానే లోపలికి ముడుచుకుని, గట్టి మూతతో గుల్లను మూసేసుకుంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆ మూతను గోరుతో తెరవాలని చూడకండి. నత్త శరీరం బలమైన కండరంతో గుల్ల నడిమి స్తంభానికి అతుక్కుని ఉంటుంది, లాగితే చీలిపోతుంది.

వానాకాలంలో గోడలెక్కే పొడవాటి గుల్ల నత్తను మాత్రం ఇంటికి తేవద్దు. దానికి మూత ఉండదు, గుర్తుపట్టడం తేలికే. అది ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్ద నత్త. 1847లో విలియం బెన్సన్ అనే ఆంగ్లేయుడు మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. ఇప్పుడది తోటలను తినేసే చీడగా మారింది, మనుషులకు జబ్బు చేసే పురుగులను కూడా మోస్తుంది.

తొట్టె సిద్ధం చేయండి

రెండు నత్తలకు ఇరవై లీటర్ల గాజు తొట్టె చాలు. అడుగున రెండు మూడు అంగుళాల మందాన కడిగిన ఇసుక పరవండి. ఎండాకాలంలో చెరువు ఎండితే ఈ నత్త బురదలోకి దిగి, మూత బిగించుకుని నెలల తరబడి నిద్రపోతుంది. తొట్టెలోనూ అప్పుడప్పుడు ఇసుకలో దూరుతుంది. కుళాయి నీళ్లను ఒక రోజంతా వెడల్పాటి పాత్రలో ఉంచి, క్లోరిన్ పోయాక పోయండి.

నీళ్లు అంచుదాకా నింపకండి. ఈ నత్తకు మొప్పతో పాటు ఊపిరితిత్తి కూడా ఉంది. మెడకు ఎడమ పక్కనున్న మడతను గొట్టంలా చుట్టి నీటిపైకి చాచి గాలి పీల్చుకుంటుంది. ఒక్కసారి ఆ దృశ్యం చూస్తే తొట్టె ముందు నుంచి లేవాలనిపించదు. అందుకే పైన నాలుగు అంగుళాల ఖాళీ వదిలి, జాలీ మూత పెట్టి దానిపై బరువు ఉంచండి. లేకపోతే రాత్రికి రాత్రే గోడెక్కి బయటపడుతుంది.

గుల్లకు కావలసింది ఇవ్వండి

అసలు శ్రద్ధ ఇక్కడే కావాలి. గుల్ల నత్త ఒంట్లో భాగమే. సన్యాసి పీతలా ఒక గుల్ల విడిచి ఇంకొకదానిలోకి మారడం నత్తకు సాధ్యం కాదు. గుడ్డులోంచి వచ్చేటప్పుడే చిన్న గుల్లతో వస్తుంది. పెద్ద నత్త కొన మీద కనిపించే బుల్లి చుట్టు అదే. ఆపైన ప్రావారం అనే చర్మపు మడత అంచు కాల్షియం కార్బొనేటును పేరుస్తూ పోతుంటే, గుల్ల నోటి దగ్గర పెరుగుతూ వస్తుంది. గుల్ల మీది గీతలు ఆ పెరుగుదల గుర్తులే. ఈ పదార్థం ఉన్నందుకే మన పెద్దలు గుల్లలను కాల్చి గుల్లసున్నం చేసేవారు.

కాబట్టి ఫిల్టరు చేసిన ఆర్.ఓ. నీళ్లు వాడకండి, వాటిలో కాల్షియం దాదాపు ఉండదు. నీళ్లలో ఆమ్లగుణం పెరిగినా గుల్ల కరిగి తెల్లబడుతుంది. ఉడికించి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకుల పొడి కానీ, సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క కానీ తొట్టెలో వేయండి. సున్నం మాత్రం వేయకండి, ఆ ఘాటుకు నత్త చనిపోతుంది. గుల్ల అంచున చిన్న పగులు ఏర్పడినా కంగారు పడవద్దు, ప్రావారం దాన్ని పూడ్చుకోగలదు.

మేత, శుభ్రత

నాచు, నీటిమొక్కలు దీని సహజాహారం. బాగా కడిగిన బీరకాయ తొక్క, మెత్తగా ఉడికిన గుమ్మడి ముక్క కూడా తింటుంది. నాలుకపై వరుసలుగా ఉన్న సూక్ష్మమైన పళ్లతో గీకి తింటుంది. మిగిలిన మేతను మరునాటికల్లా తీసేయండి. వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి. ఉప్పు, రాగి పాత్రలు దగ్గరికి రానివ్వకండి. నత్తను ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి.

కదలకుండా ఉంటే చనిపోయిందని వెంటనే పారేయకండి. మూత బిగిసి ఉంటే బతికే ఉంది. మూత వదులై, దుర్వాసన వస్తేనే చనిపోయినట్టు. అప్పుడు ఆలస్యం చేయకుండా తీసి నీళ్లన్నీ మార్చండి.

ఈ జాతిలో ఆడ, మగ వేరువేరు. ఆడది నీళ్లు దాటి వచ్చి తడి మట్టిలో తెల్లని గుడ్ల గుత్తి పెడుతుంది. పిల్లలు కావాలంటే తొట్టెలో ఒక పక్క తడి మట్టి గట్టు కట్టండి. పిల్లలు ఎక్కువైతే, పెద్దవాటిని ఎక్కడి నుంచి తెచ్చారో ఆ చెరువులోనే వదలండి. అక్వేరియం దుకాణంలో కొన్న విదేశీ నత్తలను మాత్రం ఏ కాలువలోనూ వదలవద్దు. తినడానికని తెచ్చి పెంచిన దక్షిణ అమెరికా నత్తే బయటపడి ఫిలిప్పీన్స్ వరిచేలలో లేత నారును తినేసి రైతులను ఏడిపించింది.