ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారా? కాన్పుకు ముందే చూసుకోవలసినవి

మామూలుగా మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైగా ఉంటాయి. గర్భంలో రక్తం పలచబడుతుంది, కొన్ని ప్లీహంలో నిలిచిపోతాయి. అందుకే నూటికి 5 నుంచి 10 మంది గర్భిణుల్లో ఈ లెక్క తగ్గుతుంది. రిపోర్టులో 1,10,000 చూసి హడలిపోనక్కర్లేదు. ఏ నెలలో తగ్గింది, ఎంత వేగంగా తగ్గింది, దాంతోపాటు ఒంట్లో ఇంకేం ఉంది అన్నవి చూడాలి.

అంతకన్నా ముందు, ఆ అంకె నిజమేనా? రక్తం తీసే ఊదా మూత గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి ప్లేట్‌లెట్లు దానివల్ల గుంపులుగా అతుక్కుపోతాయి. మెషీన్ ఆ గుంపుల్ని ప్లేట్‌లెట్లుగా లెక్కించదు. లెక్క అనుకోకుండా బాగా పడిపోతే స్మియర్ (గాజుపలకపై రక్తపు చుక్క పూసి మైక్రోస్కోపులో చూడటం) చూడమనండి. అవసరమైతే నీలం మూత ఉన్న సిట్రేట్ గొట్టంలో మళ్లీ రక్తం తీస్తారు. ఒక్క తప్పుడు రిపోర్టు వల్ల స్టెరాయిడ్లు వాడినా, వెన్నులో మత్తు వద్దన్నా నష్టపోయేది తల్లే.

నిజంగానే తగ్గినా, ఎక్కువమందిలో అది ఐదారు నెలలు దాటాక, లక్షకు అటూ ఇటూగా ఉండే తగ్గుదల. బీపీ బాగుంటుంది, ఎక్కడా రక్తం కారదు. దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా. తగ్గకుండా ఉందో లేదో అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. బిడ్డకూ ఇబ్బంది ఉండదు.

మొదటి మూడు నెలల్లోనే తగ్గినా, 80,000 కన్నా కిందికి వెళ్లినా ఐటీపీని అనుమానించాలి. ఇందులో ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను చంపుతుంది. రక్తస్రావం లేకుండా 30,000 పైన ఉంటే సాధారణంగా కనిపెట్టుకుని ఉంటారు. అంతకన్నా తగ్గితేనో, కాన్పు దగ్గరపడితేనో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ లేదా ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఇస్తారు. స్టెరాయిడ్ మొదలుపెడితే షుగరు, బీపీ తరచూ చూపించుకోవాలి.

అసలు భయపడాల్సింది ఇరవయ్యో వారం తర్వాత బీపీతో కలిసి వచ్చే తగ్గుదలకు. బీపీ 140/90 దాటడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, వాంతులు: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి. ఆ నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. కాలేయం దెబ్బతింటుంటే పొద్దున ఉన్న లెక్క సాయంత్రానికి ఉండకపోవచ్చు. దీనికి అసలు చికిత్స కాన్పే. కాన్పయ్యాక మొదటి రెండు రోజుల్లోనూ ఇది రావచ్చు, కాబట్టి బిడ్డ పుట్టేశాడని నిశ్చింతగా ఉండకండి.

డెంగీ అయితే జ్వరం దిగేటప్పుడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. బీపీ కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

కాన్పు లెక్కలు ఇవీ. మామూలు కాన్పుకైనా, సిజేరియన్‌కైనా 50,000 ఉండాలని చూస్తారు. వెన్నులో మత్తుకు సాధారణంగా 70,000 కావాలి. లేకపోతే సూది గుచ్చిన చోట రక్తం గడ్డకట్టి నరాల్ని నొక్కే ప్రమాదం ఉంది. అప్పుడు పూర్తి మత్తు ఇచ్చి సిజేరియన్ చేస్తారు. అందుకే 34 వారాలప్పుడే మత్తు డాక్టరుకు రిపోర్టులు చూపించండి, నొప్పులు మొదలయ్యాక కాదు. ఒక సంగతి చాలామందికి తెలియదు: మాయ ఊడిన చోట రక్తాన్ని ప్రధానంగా ఆపేది గర్భసంచి బిగుసుకోవడం, ప్లేట్‌లెట్లు కాదు. అవి ఎక్కువగా కావలసింది చిరుగులకూ కోతలకూ.

ఐటీపీ ఉన్న తల్లికి వ్యాక్యూమ్‌తో బిడ్డను లాగకుండా చూస్తారు, ఎందుకంటే బిడ్డకూ ప్లేట్‌లెట్లు తక్కువ ఉండవచ్చు. పుట్టగానే బొడ్డుతాడు రక్తంలో లెక్క చూడాలి. అది సరిగ్గా ఉన్నా 2 నుంచి 5 రోజుల్లో మళ్లీ తగ్గవచ్చు కాబట్టి తొందరపడి ఇంటికి తీసుకెళ్లకండి. తల్లికి గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే వెంటనే నర్సును పిలవండి.

కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్లీ సిబిసి (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించండి. అప్పటికీ లక్షన్నర చేరకపోతే రక్తవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భానికి ముందు రిపోర్టు ఏదైనా దొరికితే అదీ వెంట తీసుకెళ్లండి.