వాట్సాప్ గ్రూపులో మర్యాదగా మెసేజ్ పెట్టడం ఎలా?

హనుమకొండలో కాలనీ గ్రూపైనా, కాజీపేటలో కలిసి చదువుకున్నవాళ్ల గ్రూపైనా మర్యాద బయటపడేది సాయం అడిగేటప్పుడే.

1. విషయమంతా ఒక్క మెసేజ్‌లో చెప్పండి. "అన్నా" అని ఒకటి, "ఉన్నారా?" అని ఇంకోటి, "చిన్న హెల్ప్" అని మరోటి పెడితే అందరి ఫోన్లూ మోగుతాయి, పని మాత్రం కాదు. ఎంజీఎం ఆస్పత్రిలో ఉన్న చుట్టానికి రక్తం కావాలనుకోండి. ఇలా రాయొచ్చు:

"అందరికీ నమస్తే. ఎంజీఎంలో మా పెద్దమ్మకు రేపు పొద్దున ఆపరేషన్. ఓ నెగెటివ్ రక్తం రెండు యూనిట్లు కావాలె. ఇయ్యగలిగేవాళ్లు జర ఫోన్ చేయండి."

కింద మీ పేరు, నంబరు, తేదీ ఉండాలి. తేదీ లేకపోతే ఆ మెసేజ్ గ్రూపులన్నీ తిరిగి, పెద్దమ్మ ఇంటికొచ్చాక కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి. రక్తం దొరకగానే "దొరికింది, అందరికీ థ్యాంక్స్" అని అదే గ్రూపులో పెట్టండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

2. పిలుపు చూసుకోండి. తెలిసినవాళ్లయితే అన్నా, అక్కా. తెలియకపోతే పేరు పక్కన గారు. ఫొటో చూసి ఎవరినీ ఆంటీ అనకండి, జవాబు రాదు! ప్రతి వాక్యానికీ 'దయచేసి' తగిలిస్తే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది. "జర చెప్తారా?" చాలు.

3. తప్పును విడిగా చెప్పండి. మేడారం జాతరప్పుడు పాత వీడియోలు కొత్తవిగా తిరుగుతుంటాయి. పెట్టినాయనకు పర్సనల్‌గా "అన్నా, ఇది పాతదిలా ఉంది, ఒకసారి చూస్తారా?" అని రాస్తే ఆయన పరువు పోదు. పంపిన మెసేజ్‌ను సుమారు రెండు రోజుల్లోపు అందరి ఫోన్లలోంచీ తీసేయొచ్చు, 15 నిమిషాల్లోపు దిద్దొచ్చు. జనం భయపడే పుకారైతే మాత్రం ఆగొద్దు. ఎవరి పేరూ ఎత్తకుండా "ఇది నిజం కాదు" అని గ్రూపులోనే చెప్పాలి.

4. పైన ఏముందో చూసి పెట్టండి. చావు కబురు కింద గుడ్ మార్నింగ్ పువ్వులు పడితే ఆ ఇంటివాళ్లకు ఎట్లుంటుంది?

5. గ్రూపులోంచి వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు. ఇప్పుడు నోటిఫికేషన్ అడ్మిన్లకే పోతుంది. అడ్మిన్ తెలిసినవాళ్లే అయితే ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే పొరపాటున పోయారనుకుని మళ్లీ యాడ్ చేస్తారు.