మన్యంలో సర్వేకి వచ్చే పిల్లలకు

పాడేరు వైపు ఊళ్ళలో ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా, చేసి రిటైరయ్యాను. యూనివర్సిటీల నుంచి వచ్చే పిల్లలు కొండెక్కే ముందు మా అరుగు మీద టీ తాగి వెళ్తుంటారు. ఆరోగ్యం, తిండి, అడవి మీద పరిశోధన అంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి ప్రశ్నపత్రం సంచిలోంచి తీయకండి. సంత రోజున అసలు వెళ్ళకండి, ముసలివాళ్ళు తప్ప ఊళ్ళో ఎవరూ ఉండరు. కాఫీ పళ్ళు కోసే నవంబరు–ఫిబ్రవరి రోజుల్లో పగలు కూర్చోబెడితే వాళ్ళ కూలి పోతుంది. సాయంత్రం వెళ్ళండి, లేదా కూలి లెక్కకట్టి ఇవ్వండి. జీపు కిరాయికి బడ్జెట్ రాసుకున్నవాళ్ళు దీనికీ రాసుకోవచ్చు. చైత్రంలో ఇటుకల పండగప్పుడు మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా నిలబడి డబ్బులు వసూలు చేస్తారు. బేరం ఆడకుండా ఇచ్చేయండి.

సర్పంచి ఒప్పుకున్నాడని ఊరు ఒప్పుకున్నట్టు కాదు. ఇది పీసా చట్టం (ఆదివాసీ ఊళ్ళలో గ్రామసభకి అధికారం ఇచ్చేది) ఉన్న ప్రాంతం, గ్రామసభలో కూర్చుని ఏం అడుగుతారో, ఎందుకో చెప్పండి. సభ సరే అన్నా ఇంటింటా మనిషి మనిషినీ మళ్ళీ అడగాల్సిందే, వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెప్పేదీ అదే. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా ప్రాజెక్టులో చాలామంది ఆడపిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి.

భాష సంగతి. కోందు తెగవాళ్ళ ఊళ్ళలో కువి, అరకు వైపు ఆదివాసీ ఒడియా. మగవాళ్ళు తెలుగులో బదులిస్తారు కదా అని సరిపెట్టుకుంటే ముసలమ్మలంతా మీ లెక్కలోంచి జారిపోతారు. అదే ఊళ్ళో చదువుకున్న అమ్మాయిని పెట్టుకోండి, జీతం ఇవ్వండి. మేష్టారిని, వార్డెన్ని వద్దు. ఏఎన్ఎంని అసలే వద్దు. నన్ను చూస్తే అందరూ దోమతెరలోనే పడుకుంటున్నామంటారు!

ఇక అసలు పని. నా మాట వింటే మొదట పిక్కల క్యాలెండరు వేయించండి. కళ్ళంలో బూడిదతో పన్నెండు గడులు గీయండి. నెలల పేర్లు పండగలతో గుర్తుపట్టించండి: మామిడి కొత్త, కొర్ర కొత్త (కొత్త పంట మొదటిసారి తినే పండగలు), అలా. నిలువునా వాన, జ్వరం, తిండి, అప్పు, పని, నీళ్ళ కష్టం. చింతపిక్కలు ఓ చేటెడు పోసి ఏ నెలలో ఏది ఎక్కువో అన్ని పిక్కలు పెట్టమనండి. ఆడవాళ్ళది, మగవాళ్ళది వేర్వేరుగా, ఒకరిది ఒకరు చూడకుండా. మీరు చేతులు కట్టుకుని కూర్చోండి.

ఒక ఊళ్ళో మలేరియా మీద పని చేద్దామని వచ్చిన జట్టుతో నేనూ కూర్చున్నాను. జ్వరం పిక్కలు శ్రావణంలో గుట్టగా పడ్డాయి, అది అందరికీ తెలిసిందే. తిండి గడిలో అదే నెలకి రెండే పిక్కలు. చోళ్ళు (రాగులు) అయిపోయి, పంట ఇంకా చేతికి రాక, కొన్ని ఇళ్ళలో మామిడిటెంక పిండితో అంబలి కాచుకునే రోజులవి. అప్పు గడి కూడా అక్కడే నిండింది. నీళ్ళ గడి దగ్గర ఒక కుర్రకోడలు శ్రావణంలో ఒక్క పిక్క పెట్టింది, ఊట నిండుగా ఉంటుంది కాబట్టి కష్టం లేదని. పక్కనున్న ముసలమ్మ గుప్పెడు తీసి అదే గడిలో కుమ్మరించింది. పైన పోడు నుంచి బురద దిగి ఊటలో కలుస్తుంది, ఆ నీళ్ళే తాగుతాం, పిల్లల కడుపులు కదిలేది అప్పుడే అంది. అక్కడినుంచి వాదన అరగంట సాగింది. ఆ అరగంటని రాసుకోండి, పిక్కల లెక్క కన్నా అదే పనికొస్తుంది. ఆ జట్టు మలేరియాతోపాటు ఊట నీళ్ళనీ పరీక్షకి పంపింది.

దిసారి (ఊళ్ళో మందులిచ్చే పెద్ద) దగ్గర మందుమొక్కల పేర్లు రాసుకునేటప్పుడు ఏది బయటికి చెప్పొచ్చో, ఏది వద్దో ఆయన్నే అడగండి. వద్దన్నవి పుస్తకంలోనే రాసుకోకండి. పేరు, మొక్క ఫొటో, దొరికే చోటు మూడూ కలిపి అచ్చేస్తే ఆ పుస్తకం కొన్నవాడు వచ్చి వేరుతో సహా తవ్వుకుపోతాడు. జీవవైవిధ్య చట్టం 2002 ఉంది, పంచాయతీలో దాని కమిటీ ఉందేమో కనుక్కోండి.

రక్తం తీస్తే రిపోర్టు మనిషి చేతికే ఇవ్వండి. సికిల్‌సెల్ (తరతరాలుగా వచ్చే రక్తపు జబ్బు) లక్షణం ఉందని పదిమందిలో చదివితే ఆ పిల్లకి సంబంధం కుదరడం కష్టమవుతుంది.

థీసిస్ కన్నా ముందు ఫలితాలు ఊరికి రావాలి. అదే కళ్ళంలో, అవే గడులు మళ్ళీ గీసి, మీరు లెక్కేసినవి పిక్కలతోనే చూపించండి. తప్పనిపిస్తే వాళ్ళే సర్దుతారు, సర్దనివ్వండి. నీళ్ళ రిపోర్టు తెలుగులో ఒక పేజీ రాసి గ్రామసభకి, గ్రామ సచివాలయానికి, పీహెచ్‌సీకి ఒక్కో కాపీ ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఊట చుట్టూ గట్టు కట్టించమని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి అర్జీ పెట్టుకోవాలంటే వాళ్ళకి ఆ కాగితమే కావాలి.