గాలివాన మోడల్‌లో టర్బులెన్స్ స్కీములను పోల్చడం ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి మధ్యాహ్నం దాకా పెనంలా కాలుతుంది. సాయంత్రం శేషాచలం మీద మబ్బు లేచిందంటే, కాసేపటికే చిత్తూరు తోటల్లో తోతాపురి కాయలు నేలరాలుతాయి. ఆ గాలివానను మోడల్ పట్టుకోవాలంటే ముందు నేలను ఆనుకున్న ఒకటి రెండు కిలోమీటర్ల గాలి, అంటే సరిహద్దు పొర, సరిగ్గా కుదరాలి. అందులో సుడులు వేడినీ తేమనూ ఎలా కలుపుతాయో లెక్కగట్టేది టర్బులెన్స్ స్కీమ్. రెండు వాన పటాలు పక్కపక్కన పెట్టి ఏ స్కీమ్ మెరుగో తేల్చేయడం పోలిక కాదు.

డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ మోడల్, దాన్ని మొదలుపెట్టడానికి కావలసిన ఈఆర్‌ఏ5 అనే గత వాతావరణ సమాచారం ఉచితంగా దొరుకుతాయి. ఒకదాని లోపల ఒకటిగా మూడు ప్రాంతాలు పెట్టండి, వాటి గడులు 9, 3, 1 కిలోమీటర్లు. గడిలో ఇమిడిపోయే మబ్బులను అంచనాగా లెక్కగట్టే క్యుములస్ స్కీమ్‌ను లోపలి రెండింటిలో ఆపేయండి. తెల్లవారి 5.30కి మొదలుపెట్టండి. స్కీములు రెండే తీసుకోండి: వైఎస్‌యూ, ఎంవైజే. అయిదారు ఒకేసారి నడిపితే ఏ తేడా ఎందుకు వచ్చిందో తెలియదు. వైఎస్‌యూలో పెద్ద సుడులు అడుగు నుంచి పైదాకా ఒక్కసారిగా కలుపుతాయి కాబట్టి పొర సాధారణంగా లోతుగా, వేడిగా, పొడిగా వస్తుంది. ఎంవైజే మాత్రం ఏ ఎత్తులోని గాలినైనా దాని పైనా కిందా ఆనుకున్న పలుచని పొరతోనే కలుపుతుంది. తేమ అడుగునే నిలుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. మోడల్ సెట్టింగులుండే నేమ్‌లిస్ట్ ఫైలులో సరిహద్దు పొర స్కీమ్ అంకెను 1 (వైఎస్‌యూ) నుంచి 2 (ఎంవైజే)కి మార్చి ఊరుకుంటే కుదరదు. నేలకూ దాన్ని తాకే గాలికీ మధ్య వేడి, తేమ మార్పిడిని లెక్కగట్టేది నేల పొర స్కీమ్. ఎంవైజేకు దాని సొంత నేల పొర స్కీమ్ కావాలి, అదీ 2కి మారాలి. అంటే ఒక మార్పు అనుకున్నది రెండు మార్పులైంది. కాబట్టి పోటీకి కాదుగానీ ఈ ఒక్క పరీక్షకు, రెండు నేల పొరలతోనూ నడిచే ఎంవైఎన్‌ఎన్ అనే మూడో స్కీమ్‌ను నేల పొర 1తో ఒకసారి, 2తో ఒకసారి నడపండి. తేడాలో నేల పొర వాటా ఎంతో ఒక అంచనా దొరుకుతుంది. ఈ పని ఎగ్గొట్టిన పోలికను నేను నమ్మను.

మోడల్ ఇచ్చే సరిహద్దు పొర ఎత్తును నేరుగా పోల్చకండి. వైఎస్‌యూ దాన్ని రిచర్డ్‌సన్ సంఖ్యతో (ఉష్ణోగ్రత, గాలి వేగం ఎత్తుతో మారే తీరును పోల్చే సంఖ్య), ఎంవైజే సుడుల శక్తి సన్నగిల్లిన చోటుతో తేలుస్తాయి. ఒకరి మూరతో ఒక గుడ్డను, ఇంకొకరి మూరతో ఇంకో గుడ్డను కొలిచినట్టు ఉంటుంది. రెండింటి నుంచీ ఉష్ణోగ్రత, తేమ, గాలి తీసుకుని ఒకే సూత్రంతో మీరే లెక్కించండి.

ఆ లెక్కను పైగాలి ఉష్ణోగ్రత, తేమ కొలిచే వాతావరణ బెలూన్ కొలతతో సరిచూడండి. చెన్నై కొలత తిరుపతికి పనికిరాదు, అది సముద్రపు గాలి. తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రంలో బెలూన్ ఎగరేసిన రోజు దొరికితే అదే తీసుకోండి. కానీ అంతకుముందే అక్కడ వాన పడిందేమో రాడార్‌లో చూడండి. ఒక మే సాయంత్రం కొలతలో అడుగు గాలి చల్లగా, తేమగా ఉండటం చూసి ఎంవైజే గెలిచిందని రాసుకున్నాను. తీరా చూస్తే అది అరగంట ముందు కురిసిన వాన చల్లదనం. వానకు ముందరి గాలితోనే స్కీమ్‌కు పరీక్ష.

తర్వాత ఒకే స్కీమ్‌ను రెండు, మూడు గంటల తేడాతో మొదలుపెట్టి మళ్లీ నడపండి. అంతమాత్రానికే గాలివాన తిరుపతి నుంచి పుత్తూరుకు జరిగిపోవచ్చు. స్కీముల మధ్య తేడా దానికన్నా పెద్దదైతేనే లెక్కలోకి తీసుకోండి. వాన పటం చివరకు తెరవండి. అప్పుడైనా ఒక్క ఊరి వాన కాకుండా, చుట్టూ ఇరవై, ముప్ఫై కిలోమీటర్లలో ఎంత మేర తడిసిందో రాడార్‌తో పోల్చండి.