మృగశిర రాకముందే చోక్ ట్యూబు విప్పండి

రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి ఇనుప గేటు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అది దాటగానే మృగశిర చినుకులు, వెనకే కృష్ణ మీది తేమ. గాలిలోకి విసిరే మట్టి పళ్లేలని (క్లేలు) పేల్చే ట్రాప్, స్కీట్ ఆటలు ఆడేవాళ్ల తుపాకీకి గండం మొదలయ్యేది అప్పుడే. బ్యారెల్ పైభాగం అందరం మెరిసేలా తుడుస్తాం. మూతి లోపల బిగించిన చోక్ ట్యూబు, అంటే మూతిని ఇరుకు చేసి గుళ్లు మరీ చెదరకుండా చూసే చిన్న గొట్టం, మాత్రం గుర్తుకురాదు.

నాకూ ఒక ఏడాది గుర్తుకురాలేదు. హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేసి వచ్చి, పైపైన నూనె గుడ్డ రాసి, ఫోమ్ పెట్టెలో పెట్టి మూసేశాను. దసరాకి తీస్తే పైన చుక్క తుప్పు లేదు గానీ ట్యూబు కదిలితే ఒట్టు! ఫోమ్ తేమని పట్టి ఉంచుతుందని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

ట్రాప్‌లో ఒక రౌండుకి 25 క్లేలు. ఒక్కోదానికి రెండేసి తూటాలు పేల్చే వీలుంది కాబట్టి 50 దాకా పేలతాయి. పేలిన ప్రతిసారీ వేడి గ్యాసు ట్యూబు వెనక అంచు సందులోంచి మరల్లోకి (స్క్రూ చుట్లలోకి) మసిని తోస్తుంది. ఫుల్ చోక్ అంటే 12 బోరు మూతిని సుమారు 1 మిల్లీమీటరు ఇరుకు చెయ్యడం. తూటాలో గుళ్లని పట్టి ఉంచే ప్లాస్టిక్ కప్పు (వాడ్) ఆ ఇరుకులోనే రాసుకుని పొరలా అంటుకుంటుంది. వానాకాలంలో ఈ మసికి తేమ తోడైతే ఇక బిగుసుకోవడమే.

విప్పే ముందు తుపాకీ తెరిచి, తూటాలు పెట్టే రెండు చాంబర్లలోనూ తూటా లేదని కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. తూటాల డబ్బా వేరే గదిలో ఉండాలి. వీలైతే బ్యారెళ్లు ఊడదీసేయండి. మూతి వైపు తొంగిచూడాల్సిన పని ఇది, అందుకే ఇంతగా చెప్తున్నాను.

ట్యూబుని దాని సొంత కీతోనే తిప్పాలి. రాకపోతే బ్యారెల్‌ని మూతి కిందికి వచ్చేలా నిలబెట్టి, తుప్పు వదిలించే నూనె మరల్లోకి దిగేలా వేసి, రాత్రంతా వదిలేయండి. కటింగ్ ప్లేయర్ పట్టిస్తే అంచు వంగి, అసలుకే మోసం వస్తుంది. ఆటోనగర్‌లో విప్పలేని బోల్టు ఉండదు, నిజమే. కానీ 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకి లైసెన్సు కావాలి, కాబట్టి బ్యారెల్ పట్టుకుని లేత్ షాపుకి వెళ్లకండి. నేను రెండు రాత్రులు నానబెట్టాక గాని అది కిర్రుమనలేదు.

బయటికి వచ్చాక ట్యూబునీ, బ్యారెల్ లోపలి మరల్నీ సాల్వెంట్‌తో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తెల్లగుడ్డకి నలుపు అంటనంత వరకు తుడవండి. ఇక గ్రీజు. పల్చటి గన్ ఆయిల్ మన ఎండకి నిలవదు, జారిపోతుంది. ఆటోనగర్‌లో సైలెన్సర్ బోల్టులకి పూసే రాగి రంగు యాంటీ సీజ్ పేస్టు బాగా నిలుస్తుంది. రాయాల్సింది అగ్గిపుల్ల తలంత, వేలితో మరల మీద పల్చగా. దట్టంగా పూస్తే దుమ్ము అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది. మళ్లీ చేత్తోనే తిప్పుకుంటూ ఎక్కించి, చివర్లో కీతో ఒక్క బిగింపు చాలు. ట్యూబు పూర్తిగా దిగకపోతే గుళ్లు దాని వెనక అంచుకి తగులుతాయి. ట్యూబు లేకుండా ఒక్కటి కూడా పేల్చకండి, బ్యారెల్ మరలు పాడైపోతాయి. ఒక కంపెనీ ట్యూబు ఇంకో కంపెనీ బ్యారెల్‌కి ‘దాదాపు’ పడుతుంది. ఆ దాదాపే ప్రమాదం.

తాతల నాటి జంట గొట్టాల తుపాకీ అయితే చోక్ బ్యారెల్‌లోనే ఉంటుంది, విప్పేదేమీ లేదు. బ్రష్ తిప్పి, నూనె గుడ్డ లాగితే సరి.

వానల్లో ఏసీ కారు దిగగానే తుపాకీకి కూల్‌డ్రింక్ సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది. పెట్టె తెరిచి అరగంట గాలికి ఉంచి, తర్వాత తుడవండి. పేల్చే రోజు గొట్టంలో నూనె మిగలకుండా పొడిగుడ్డ లాగాలి. ప్రతి రౌండు తర్వాత తుపాకీ ఖాళీ చేసి, ట్యూబు వదులైందేమో చూడండి. వేడిగా ఉంటుంది, గుడ్డతో పట్టుకోండి.