ప్లాటర్‌లో రోలు మధ్యలో అయిపోతే

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో నీటిపారుదల పనుల డ్రాయింగులు ప్లాటర్ మీద, అంటే కాగితం రోలు మీద పెద్ద డ్రాయింగులు ముద్రించే మిషన్ మీద తీసేవారికి కాలువల ఎల్-సెక్షన్లతోనే (కాలువ పొడవునా నిలువుకోతను చూపే డ్రాయింగులు) అసలు చిక్కు వస్తుంది. ఏ1 సైజు ఇంటి ప్లాన్ 841 మిల్లీమీటర్లలో ముగుస్తుంది గాని, ఎల్-సెక్షన్ ఒక్కోసారి మూడు మీటర్లు సాగుతుంది. అందులో రెండున్నర మీటర్లు వచ్చాక రోలు అయిపోతే కాగితం, ఇంకు రెండూ దండుగ.

మిగిలిన పొడవు తెర మీద కనిపిస్తుంది కదా అనుకోవద్దు. రోలు ఎక్కించేటప్పుడు మనం ఇచ్చిన పొడవులోంచి వాడిన దాన్ని మిషన్ తీసివేస్తూ పోతుంది, అంతే. సగం వాడిన రోలు పెట్టి ఎవరైనా 45 మీటర్లని కొట్టి ఉంటే, అది అదే నమ్ముతుంది. అందుకే స్కేలు పెట్టి చూడటం మేలు. కోర్ (కాగితం చుట్టి ఉన్న మధ్య గొట్టం) బయటి వ్యాసం 60 మి.మీ., కాగితం మందం సుమారు 0.1 మి.మీ. (మామూలు 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితం) అయితే, కోర్ మీద చుట్టి ఉన్న కాగితం పొర మందం 10 మి.మీ. ఉన్నప్పుడు దాదాపు 22 మీటర్లు, 5 మి.మీ. ఉన్నప్పుడు 10 మీటర్లు, 3 మి.మీ. ఉన్నప్పుడు ఆరు మీటర్ల లోపు మిగిలినట్టు లెక్క. పై చుట్లు పెద్దవి, లోపలి చుట్లు చిన్నవి కనుక పొర సగమైతే పొడవు సగం కన్నా తక్కువే ఉంటుంది.

అయినా మధ్యలో ఆగిపోతే, కాగితాన్ని చేత్తో లాగకూడదు. రోలు చివర కోర్‌కు టేపుతో అంటించి ఉంటే, లాగినప్పుడు ఆ ముక్క ఊడి లోపల చిక్కుకుని ఇంకు చిమ్మే హెడ్‌కు తగులుతుంది. మెనూలోంచి గాని, లీవరు ఎత్తి గాని పట్టు వదిలించి, కాగితాన్ని ముందువైపుకే తీసి, టార్చి వేసి కాగితం నడిచే పలక మీద టేపు ముక్కలేమైనా ఉన్నాయేమో చూడాలి. కొత్త రోలు అంచు, దాన్ని తొడిగే కడ్డీ చివరనున్న ఆపుడు బిళ్లకు సందు లేకుండా ఆనాలి; ఒక మిల్లీమీటరు వంకర ఏ1 మీద కనిపించదు గాని, మూడు మీటర్ల షీటు మీద దాచలేము. కాగితం రకం, పొడవు సరిగ్గా ఇచ్చాకే పని కొనసాగించాలి. ఆగిన షీటును సాధారణంగా మొదటి నుంచి తీయాల్సిందే. సెట్టులో ముందే వచ్చిన షీట్లను మాత్రం క్యూలోంచి (ముద్రణకు వేచి ఉన్న షీట్ల వరుస) తీసేయాలి, లేకుంటే అవి రెండోసారి వస్తాయి.

సగం షీటుకు మిగతా సగం అతికిద్దామనే ఆశ నాకూ ఒకసారి కలిగింది. సెల్లోటేపుతో చక్కగానే అతికించాను. ఇంజినీరు గారు అతుకు మీదుగా స్కేలు పెట్టి చూస్తే 2 మి.మీ. తేడా వచ్చింది, 1:2000 స్కేలులో అది కాలువ మీద నాలుగు మీటర్లు. సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ మొత్తం తీశాను.

నాలుగైదు మీటర్లు మిగిలిన రోలు ముక్కను పారేయకుండా, దాని కొసన పెన్సిలుతో పొడవు రాసి, కవరు తొడిగి ఉంచితే చెక్ ప్రింట్లకు (సరిచూసుకోవడానికి తీసే ప్రింట్లకు) పనికొస్తుంది. వానాకాలంలో కవరు తప్పనిసరి. తేమ పీల్చిన కాగితం అంచులు లేచి హెడ్‌కు రాసుకుంటాయి.