తెలియని నంబర్ల నుంచి వేధింపులా? లీకు ఎక్కడుందో ముందు చూడండి

బెంగళూరు పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఆన్‌లైన్ వేధింపు మొదలవగానే "నా ఫోన్ హ్యాక్ అయింది" అంటారు. చాలాసార్లు అంతదూరం వెళ్లక్కర్లేదు. మనమో, ఇంట్లోవాళ్లో నంబరు, ఫొటో ఎవరికో ఇచ్చే ఉంటాం.

బ్లాక్ నొక్కే ముందు ఆధారాలు తీసుకోండి. స్క్రీన్‌షాట్‌లో నంబరో ప్రొఫైల్ లింకో, తేదీ, టైము కనిపించాలి. పేరొక్కటే ఉంటే లాభం లేదు, దాన్ని నిమిషంలో మార్చేస్తారు. టెన్షన్‌లో చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ రీసెట్ చేయకండి.

సమస్య: రాత్రిళ్లు తెలియని నంబర్ల నుంచి కాల్స్. మీ పేరు, జీతం, కంపెనీ అన్నీ చెబుతున్నారు.

కారణం: గోత్రం, నక్షత్రం కూడా చెబితే ఇక అనుమానం లేదు, అది పెళ్లి బయోడేటా. నాన్న ఒక మధ్యవర్తికి పంపుతారు, ఆయన సంబంధాల వాట్సాప్ గ్రూపులో పెడతారు, అక్కడి నుంచి ఎన్ని గ్రూపులకు పోయిందో ఎవరికీ తెలియదు. ఆ పీడీఎఫ్ ఇక వెనక్కి రాదు.

పరిష్కారం: ఇకపై పంపే బయోడేటాలో మీ నంబరు, కంపెనీ పేరు, పీజీ ఉన్న ఏరియా ఉండకూడదు. "బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం" చాలు. సంబంధాల కోసం ఇంట్లో విడిగా ఒక సిమ్ పెట్టుకుని ఆ నంబరే ఇవ్వండి. ఫొటో మాత్రం మాటలు కుదిరాకే పంపండి. "అందరూ ఇలాగే పంపుతున్నారు కదమ్మా" అని నాన్న అనడం ఖాయం; వచ్చిన మెసేజ్‌లలో ఒకటి చూపిస్తే వాదన అక్కర్లేదు. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో కాంటాక్టులకే కనిపించేలా మార్చి, తెలియని కాల్స్‌ను సైలెంట్‌లో పెట్టండి.

సమస్య: బ్లాక్ చేసినా రూపాయి పంపుతూ, దాని నోట్‌లో పిచ్చి రాతలు రాస్తున్నారు.

కారణం, పరిష్కారం: వాట్సాప్‌లో బ్లాక్ చేస్తే యూపీఐ యాప్‌లో బ్లాక్ అవ్వదు. అక్కడ విడిగా చేయాలి. ఆ రూపాయి తిరిగి పంపకండి.

సమస్య: మీరు ఎక్కడున్నారో అవతలివాళ్లకు తెలిసిపోతోంది.

కారణం: పీజీ పక్కన టిఫిన్ సెంటర్‌కు, జిమ్‌కు గూగుల్ మ్యాప్స్‌లో మీరు రాసిన రివ్యూలు వరసగా చూస్తే మారతహళ్లిలో ఏ వీధో పట్టేయొచ్చు. ఎప్పుడో ఆన్ చేసిన లొకేషన్ షేరింగ్ కూడా కావచ్చు. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరాలు కూడా దాంతో వెళ్లగలవు.

పరిష్కారం: పాత రివ్యూలు తీసేయండి, షేరింగ్ ఆపండి. వాట్సాప్ లింక్డ్ డివైసెస్‌లో మీది కాని సిస్టమ్ ఉంటే ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత లాగౌట్ చేసి, టూ స్టెప్ పిన్ పెట్టండి.

సమస్య: మార్ఫింగ్ ఫొటో పెడతామని బెదిరించి డబ్బు అడుగుతున్నారు.

కారణం: పబ్లిక్‌గా ఉన్న ఒక్క ముఖం ఫొటో చాలు. ఇందులో మీ తప్పేమీ లేదు.

పరిష్కారం: డబ్బు ఇవ్వకండి, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. అనుమతి లేని నగ్న చిత్రాలు ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. మీ ఫొటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు. ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి, ఇందులో చేరిన కంపెనీలకు వెళ్తుంది; దాంతో సరిపోలే ఫొటోను అవి ఆపుతాయి. 18 ఏళ్లు దాటినవారికే ఇది. లోపువారికి టేక్ ఇట్ డౌన్ అనే ఇలాంటి సేవే ఉంది. ఫొటో ఇప్పటికే పెట్టేసి ఉంటే ఆ సైటు ఫిర్యాదు అధికారికి రాయండి. ఇలాంటి చిత్రాలను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు చెప్పాయి; 2026 ఫిబ్రవరి సవరణ ఆ గడువును 2 గంటలకు తగ్గించింది.

పోలీసు ఫిర్యాదుకు సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. బెంగళూరులో సైబర్ కేసులు చూసే స్టేషన్లను సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) స్టేషన్లంటారు. వేధించేవాడు విజయవాడలో ఉన్నాడని, మీ ఆధార్ అడ్రస్ కర్నూలుదని వెనక్కి పంపబోతే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. కన్నడ రాకపోతే ఇంగ్లిష్‌లో రాసి, ప్రింటు తీసిన స్క్రీన్‌షాట్లతో వెళ్లండి. అవి ఉన్న ఫోన్ కూడా చేతిలో ఉండాలి.